నీతి అంతా నైట్ డ్యూటీకే

మే 12, నర్సుల దినోత్సవం వచ్చిందంటే తిరుపతి ఆసుపత్రుల్లో, చిత్తూరు నర్సింగ్ కాలేజీల్లో పండగ. ఫ్లెక్సీ కడతారు. అందులో ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ చిన్నదిగా, ముఖ్య అతిథి బొమ్మ పెద్దదిగా ఉంటాయి. తెల్ల యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు కొవ్వొత్తులు పట్టుకుని వరుసగా నిలబడి ప్రతిజ్ఞ చేస్తారు. ముఖ్య అతిథి మైకు అందుకుని, డాక్టరు దేవుడైతే నర్సు దేవత అంటాడు. సిస్టర్ చిరునవ్వే సగం మందు అంటాడు. సేవకు వెల కట్టలేమంటాడు. ఆ చివరి మాట వినగానే వేదిక మీదున్న ప్రైవేటు ఆసుపత్రి యజమానులు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతారు. జీతం పెంచమని అడిగే మనిషికి ఇంతకన్నా చవకైన జవాబు ఇంకోటి దొరకదు మరి.

తర్వాత కేకు కోస్తారు. ఆ తర్వాత 'నర్సింగ్ వృత్తిలో విలువలు, నైతిక నిర్ణయాలు' మీద ఉపన్యాసం. వినేవాళ్లలో సగం మంది రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా వచ్చినవాళ్లు, మిగతా సగం ఆ రాత్రికి డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు. కాబట్టి హాలంతా నిశ్శబ్దం. దాన్ని శ్రద్ధ అనుకుని వక్తగారు ఇంకో అరగంట పొడిగిస్తారు. చెప్పేవి శ్రీరంగనీతులు కాబట్టి వాటికి టైం కార్డు ఉండదు.

ఇంతకీ ఆ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ పాఠశాల వాళ్లు రాసుకుని ఆమె పేరు తగిలించారు. ఆమె తన చేత్తో రాసినవి వేరే ఉన్నాయి. మన వేదికలు వాటి జోలికి పోవు. ఎందుకు పోవో ముందు ముందు చూద్దాం.

పండగకు రెండు రోజుల ముందు

2021లో ఈ పండగకు సరిగ్గా రెండు రోజుల ముందు, మే 10 సోమవారం రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రి కోవిడ్ ఐసీయూలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. అది వచ్చి, గొట్టాల్లో గాలి మళ్లీ నిండేలోపు 11 మంది చనిపోయారని అధికారులు చెప్పారు. అంతకన్నా ఎక్కువ మందే పోయారని బంధువులు చెప్పారు. సరఫరా తగ్గింది ఐదు నిమిషాలేనని అప్పటి కలెక్టర్ హరినారాయణన్ అన్నారు. మంచాల పక్కన నిలబడి తమ వాళ్లకు అట్టముక్కలతో విసిరినవాళ్లు ఆ ఐదు నిమిషాల లెక్కను ఒప్పుకోలేదు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది.

ఆ రాత్రి ఇంకొకటి జరిగింది. కడుపు మండిన బంధువులు ఐసీయూలోకి దూసుకొచ్చి పరికరాలు పగలగొట్టారు. నర్సులు, డాక్టర్లు ప్రాణభయంతో బయటికి పరుగెత్తి, పోలీసులు వచ్చాక మళ్లీ లోపలికి వచ్చి పనిలో పడ్డారు.

ఇప్పుడు నైతిక నిర్ణయాల పాఠం మొదలుపెడదాం. ఆ ఆసుపత్రికి రోజుకు ఎంత ఆక్సిజన్ పడుతుందో లెక్క వేసింది ఎవరు? ట్యాంక్ అడుగంటేదాకా రెండో ట్యాంకర్ రాకపోయినా సరేననుకున్నది ఎవరు? నూరు కిలోమీటర్లకు పైబడిన దారిలో, రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చే ఒక్క లారీ మీద వందలమంది ఊపిరి వేలాడుతుంటే, అది రాకపోతే ఏం చేయాలో కాగితం మీద రాసిపెట్టాల్సింది ఎవరు? వీళ్లలో ఎవరూ ఆ రాత్రి ఐసీయూలో లేరు. వాళ్లంతా పగటిపూట, ఫ్యాను కింద కూర్చుని నిర్ణయాలు చేసేవాళ్లు. వాళ్ల నిర్ణయాలకు 'పరిపాలన' అని పేరు. మానిటర్లన్నీ ఒక్కసారిగా కూస్తుంటే ఏ మంచం దగ్గరికి ముందు పరుగెత్తాలో అర నిమిషంలో తేల్చుకోవాల్సిన స్టాఫ్ నర్సుది మాత్రం 'నైతిక నిర్ణయం'. పాఠం ఆమెకు. పరీక్ష ఆమెకు. దెబ్బలూ ఆమెకే.

మన ఆసుపత్రుల్లో నీతి ఎప్పుడూ జీతం తక్కువున్న దిక్కుకే నడుస్తుంది. మంత్రి దగ్గర బయల్దేరేటప్పుడు అది ఉపన్యాసం. డైరెక్టర్ దగ్గర సర్క్యులర్. సూపరింటెండెంటు దగ్గర మెమో. హెడ్ నర్సు దగ్గర కసురు. కాంట్రాక్టు నర్సు దగ్గరికి చేరేసరికి సస్పెన్షన్. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగు సూత్రాలు, తిరుపతి వ్యాఖ్యానం

నర్సింగ్ విద్యార్థులు పరీక్షకు బట్టీ పట్టే నీతిసూత్రాలు నాలుగు. 1979లో టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికా పండితులు పుస్తకంగా తెచ్చారు. రోగి ఇష్టాన్ని గౌరవించు. మేలు చెయ్. కీడు చెయ్యకు. అందరికీ న్యాయం చెయ్. చక్కటి సూత్రాలే. పాపం, ఆ పండితులు మన వార్డుల్లో ఒక్క రాత్రి కూడా గడపలేదు. గడిపి ఉంటే ప్రతి సూత్రం కింద ఒక టిప్పణి చేర్చేవాళ్లు. ఆ లోటు నేను తీరుస్తాను.

మొదటిది, రోగి ఇష్టం. ఆపరేషన్‌కు ముందు రోగికి ఏం చేయబోతున్నారో, ఏం ప్రమాదముందో, వేరే దారి ఏముందో అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చెప్పాల్సింది డాక్టరు. చిత్తూరు జిల్లాలో ఈ తీర్పు అమలు చూడండి. కుప్పం నుంచి వచ్చిన పెద్దాయనకు తెలుగు, కన్నడం, తమిళం మూడూ వచ్చు. ఫారం మాత్రం నాలుగో భాషలో, ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు అప్పటికే థియేటర్‌లో ఉంటాడు. ఫారం, పెన్ను, స్టాంపు ప్యాడు పట్టుకుని నర్సు వస్తుంది.

"ఇందులో ఏం రాసుండాది తల్లీ?"

"ఆపరేషన్‌కు ఒప్పుకుంటా ఉండామని తాతా."

"ఒప్పుకోకపోతే?"

"ఆపరేషన్ చెయ్యరు తాతా. బిరిన పెట్టు, ఆడ సార్ అరస్తా ఉండాడు."

పెద్దాయన బొటనవేలు నీలిరంగు అవుతుంది. రోగి ఇష్టం ఫైలుకు ఎక్కుతుంది. రేపేదైనా తేడా వచ్చి కోర్టుదాకా పోతే, ఫారం మీద సాక్షి సంతకం ఎవరిదని అడుగుతారు. సాక్షి సంతకం నర్సుది. అంటే, తాను చేయని ఆపరేషన్ గురించి, తాను ఇవ్వలేని వివరణ ఇచ్చినట్టుగా, తనకు లేని అధికారంతో సంతకం పెట్టింది. దీన్ని పరీక్షలో రాస్తే పది మార్కులు. వార్డులో చేయనంటే మెమో.

రెండోది, మేలు చెయ్యడం. సేవలో మేలు రెండు రకాలు, రోగికి చేసే మేలు, ఆసుపత్రికి చేసే మేలు. తిరుపతిలో బోర్డుల మీద బోర్డులు కట్టుకున్న ప్రైవేటు ఆసుపత్రుల వీధుల్లో ఈ రెండో మేలు నిర్వచనం అందరికీ తెలుసు. మంచం ఖాళీగా ఉండకూడదు, స్కాను యంత్రం ఊరికే ఉండకూడదు. డిశ్చార్జి రేపటికి వాయిదా పడితే రోగి బంధువుకు సర్దిచెప్పే పని నర్సుది. బిల్లు కట్టేదాకా శవాన్ని ఇవ్వమని చెప్పే పని కూడా, చాలాచోట్ల, ఆమెదే. యజమాని నోటితో చెప్పడానికి సిగ్గుపడే మాటలన్నీ ఆమె నోటితో చెప్పిస్తారు. అందుకే ఆమెకు చిరునవ్వు మీద ప్రత్యేక శిక్షణ.

ఆ చిరునవ్వు ధర ఎంత? 2016 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రైవేటు నర్సుల జీతాల దుస్థితి చూసి కేంద్రాన్ని కమిటీ వేయమంది. కమిటీ వేశారు. 200 మంచాలు దాటిన ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 మంచాలకు లోపున్న చిన్న నర్సింగ్ హోంలో సైతం నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని అది చెప్పింది. రాష్ట్రాలు చట్టాలు చేసుకుని అమలు చేయాలని కేంద్రం లేఖలు రాసింది. అప్పటినుంచీ ధరలు పెరిగాయి, లడ్డూ ధర పెరిగింది, గది అద్దె పెరిగింది. ఆ 20 వేలు ఈనాటికీ మన ఊళ్లో చాలామంది నర్సులకు కలలో అంకె. ఎమ్మెల్యే రాసిచ్చిన సిఫారసు లేఖకు కొండ మీద ఉన్న విలువ, సుప్రీంకోర్టు చెబితే వేసిన కమిటీ సిఫారసుకు కొండ కింద లేకపోయింది. నర్సింగ్ చదవని ఆడపిల్లకు అదే యూనిఫాం తొడిగి, ఇంకా తక్కువకు పని చేయించుకునే పుణ్యాత్ములూ ఉన్నారు. సూది గుచ్చించుకునే చేతికి ఆ తేడా తెలియదు. గుచ్చాక తెలుస్తుంది.

మూడోది, కీడు చెయ్యకపోవడం. ఇక్కడ నీతి కన్నా ముందు ఎక్కాలు రావాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. ఇక ఏ పెద్దాసుపత్రి జనరల్ వార్డుకైనా రాత్రి పదకొండుకు పోయి చూడండి. మంచాల మీద కొందరు, మంచాల మధ్య చాపల మీద కొందరు, వరండాలో కొందరు. తక్కువలో తక్కువ 40 మంది అనుకుందాం. ఒక సిస్టర్. ఒక్కొక్కరి దగ్గర బీపీ, నాడి, జ్వరం చూసి రాయడానికి ఐదేసి నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలు, అంటే మూడు గంటల 20 నిమిషాలు. నాలుగు గంటలకోసారి చూడమని కేస్ షీటులో ఉంటుంది. మిగిలిన 40 నిమిషాల్లో సెలైన్లు మార్చాలి, ఇంజక్షన్లు ఇవ్వాలి, ఎమర్జెన్సీ నుంచి వచ్చిన కొత్త కేసు తీసుకోవాలి, స్టోర్‌కు ఇండెంట్ రాయాలి, హౌస్ సర్జన్‌ను నిద్ర లేపాలి, చనిపోయినవాళ్ల కట్లు విప్పి బంధువుల ఏడుపు మధ్య కాగితాలు పూర్తి చేయాలి. ఇవన్నీ అయ్యాక, వీలుంటే, చిరునవ్వాలి.

ఆరు గంటల ఇంజక్షన్ ఏడున్నరకు పడుతుంది. ఛార్టులో ఏం రాయాలి? నిజం రాస్తే పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ తిట్లు. ఆరు అని రాస్తే అబద్ధం. ఇది నీతిశాస్త్రంలో 'సందిగ్ధం' అట. ఇందులో సందిగ్ధం ఏముంది? ఆ వార్డుకు ఎనిమిది మంది నర్సులు కావాలని రాసిన ప్రమాణం ఒక బీరువాలో ఉంది, ఒక్కరినే వేసిన డ్యూటీ చార్టు ఇంకో గోడ మీద ఉంది. ఆ రెండు కాగితాల మధ్య ఉన్న అబద్ధం చాలా పెద్దది. దాని మీద సంతకం పెట్టినవాళ్లను ఎవరూ సందిగ్ధంలో పడ్డారా అని అడగరు. ఛార్టులో ఆరు అంకె వేసిన ఆడపిల్లనే అడుగుతారు.

నాలుగోది, న్యాయం. ఈ సూత్రం అర్థం కావడానికి తిరుపతివాళ్లకు పుస్తకం అక్కర్లేదు, కొండ మీది క్యూ చాలు. సర్వదర్శనం కంపార్టుమెంటులో పసిబిడ్డను ఎత్తుకుని గంటలకు గంటలు కూర్చున్న తల్లి ఒకవైపు, బ్రేక్ దర్శనం చీటీతో వచ్చి గబగబా లోపలికి పోయే తెల్లచొక్కా ఇంకోవైపు. దేవుడికే తప్పని ఈ ఏర్పాటు ఆసుపత్రికి తప్పుతుందా? బెడ్డు కోసం వరండాలో స్ట్రెచర్ మీద సర్వదర్శనం నడుస్తుండగానే ఫోన్ మోగుతుంది.

"సిస్టర్, మూడో నంబరు బెడ్డు ఖాళీ చేయించు. పెద్దసారు మనిషి వస్తా ఉండాడు."

"ఆ ముసలాయనకు ఇంకా ఆక్సిజన్ పెట్టుండాం గదా సార్?"

"చెప్పింది చెయ్ మా."

ముసలాయన కొడుకుతో మాట్లాడేది ఫోన్ చేసిన సారు కాదు, పెద్దసారు అసలే కాదు. సిస్టరే. ఆ కొడుకు శాపం పెట్టేదీ సిస్టర్‌కే. అందరికీ న్యాయం అనే సూత్రాన్ని కాపాడే బాధ్యత, ఒక ఫోన్‌కాల్‌కు కూడా ఎదురు చెప్పలేని ఉద్యోగికి అప్పగించిన మన తెలివిని మెచ్చుకోవాలి.

చనిపోయాక కూడా ఈ సూత్రం వదలదు. 2022 ఏప్రిల్‌లో రుయాలో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ బిడ్డ శవాన్ని బైకు మీద పెట్టుకుని సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని చిట్వేలుకు పోయాడు. ఆసుపత్రి దగ్గరి అంబులెన్సు వాళ్లు వేలకు వేలు అడిగారు, తక్కువకు వచ్చే బయటి బండిని రానివ్వలేదు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. విచారణలు, చర్యలు, ప్రకటనలు అన్నీ జరిగాయి. ఆసుపత్రి గేటు దగ్గర దందా నడుస్తోందని ఆ రోజే తెలిసినట్టు అందరూ ఆశ్చర్యపోయారు. గేటు బయటున్న టీ బండివాడు ఒక్కడే ఆశ్చర్యపోయి ఉండడు.

నోరు తెరవమన్నారు, తెరిచారు

నర్సుల నైతిక నియమావళిలో అన్నిటికన్నా అందమైన నియమం ఒకటుంది. రోగి తరఫున మాట్లాడాలి. వార్డులో రోగికి హాని జరిగేలా ఉంటే పైవాళ్లకు చెప్పాలి. బాగుంది. మన రాష్ట్రంలో పైవాళ్లకు చెప్పినవాళ్లకు ఏమవుతుందో 2020లో చూశాం.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తుమందు డాక్టర్ సుధాకర్ ఏప్రిల్‌లో ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని కెమెరాల ముందు చెప్పాడు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం దేశమంతా తిరిగింది. ఏడాది గడిచాక, 2021 మేలో, ఆయన చనిపోయాడు. అంత దూరం ఎందుకు, మన నగరిలోనే మునిసిపల్ కమిషనర్ అదే ఏప్రిల్‌లో కరోనా పనులకు నిధులు రావడం లేదని, సిబ్బందికి రక్షణ సామగ్రి లేదని వీడియోలో చెప్పుకున్నాడు. ఆయననూ సస్పెండ్ చేశారు.

ఒకరు డాక్టరు, ఒకరు కమిషనర్. ఇద్దరికీ హోదా ఉంది, పక్కా ఉద్యోగం ఉంది. వాళ్లకే ఆ గతి పడితే, ఏటేటా కాంట్రాక్టు పొడిగించే కాగితం కోసం కాళ్లరిగేలా తిరిగే నర్సు నోరు తెరవాలని ఆశించడం మన గొప్ప మనసు. ఆమె మౌనంగా ఉంటే విలువలు లేవంటాం. మాట్లాడితే క్రమశిక్షణ లేదంటాం. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి సందులో నిలబడి జర్మన్ భాష నేర్చుకున్న నర్సులు విమానం ఎక్కేస్తున్నారు. అక్కడ ఒక నర్సుకు ఎంతమంది రోగులో ముందే చెప్తారట. విలువలు వలసపోతున్నాయని వక్తలు వాపోతారు. వలసపోయేది విలువలు కాదు స్వామీ, డ్యూటీ చార్టు చదవడం వచ్చినవాళ్లు.

మరి వాళ్లంతా పతివ్రతలా?

కాదు. కాన్పు వార్డులో మగబిడ్డకు ఒక రేటు, ఆడబిడ్డకు ఒక రేటు పెట్టి చేయి చాచేవాళ్లున్నారు. నొప్పులు పడుతున్న తల్లిని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లున్నారు. పేదవాడి మంచం దగ్గర ముక్కు మూసుకుని, కారులో వచ్చినవాడి మంచం దగ్గర ముసిముసిగా నవ్వేవాళ్లున్నారు. కరోనా రోజుల్లో రాష్ట్రంలో రెమ్‌డెసివిర్ బ్లాకులో అమ్ముతూ పోలీసులకు చిక్కినవాళ్లలో ఆసుపత్రి సిబ్బందీ ఉన్నారు. వాళ్ల మీద జాలి అక్కర్లేదు, కేసు పెట్టాల్సిందే. పని ఎక్కువైందన్న సాకు ప్రసవవేదనలో ఉన్న మనిషిని కొట్టడానికి పనికిరాదు. నెత్తిన నలభై మంది ఉన్నా నోటి నుంచి మంచి మాట వచ్చే సిస్టర్లు ప్రతి వార్డులో ఉన్నారు గనుక, రానివాళ్లను క్షమించాల్సిన పని లేదు.

అయితే ఒక చిన్న అనుమానం. కాన్పు వార్డులో చేయి చాచిన ఆయా వీడియో రెండు గంటల్లో అందరి ఫోన్లకూ చేరుతుంది. మందుల టెండరులో చేయి చాచినవాడి వీడియో మీరెప్పుడైనా చూశారా? ఐదువందలు అడిగితే అవినీతి. ఐదు కోట్లు అడిగితే 'ఆరోపణ'. నీతి పోలీసులకు కూడా కింది అంతస్తులోనే డ్యూటీ వేశారన్నమాట.

మనకు తెలియక కాదు

ఇదంతా చదివి, పేద దేశం, పేద జిల్లా, ఇంతకన్నా ఏం చేయగలమని నిట్టూర్చేవాళ్లకు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా చరిత్రలోంచే ఒక సంగతి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరుచుకుంది. డాక్టర్ ఫ్రీమోట్-మోలర్ దాన్ని నడిపించాడు. అప్పటికి క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్ల దాకా ఉంది. గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి, పక్కనుండి కనిపెట్టుకునే మనిషి, వైద్యమంటే ఇంతే. సూటిగా చెప్పాలంటే నర్సింగే అక్కడ చికిత్స. పొరుగునే వేలూరులో ఐడా స్కడ్డర్ ఆసుపత్రి 1909లో నర్సింగ్ పాఠశాల పెట్టింది, 1946లో డిగ్రీ కళాశాల చేసింది. చిత్తూరు జిల్లా జనం నేటికీ జబ్బు ముదిరితే వేలూరు బస్సు ఎక్కుతారు. అక్కడి డాక్టర్ల కోసమే ఎక్కుతున్నామని అనుకుంటారు గానీ, తిరిగొచ్చి చెప్పే కబుర్లలో సగం అక్కడి సిస్టర్ల గురించే ఉంటాయి. అక్కడి అమ్మాయిలు దేవలోకం నుంచి దిగలేదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మనిషి అదే అయినప్పుడు మారేది చుట్టూ ఉన్న ఏర్పాటే.

ఇక ముందు వదిలేసిన మాట దగ్గరికి వద్దాం. నైటింగేల్ తన చేత్తో రాసినవేమిటి? లెక్కలు. 1854లో క్రిమియా యుద్ధంలో స్కుటారి ఆసుపత్రికి పోయిన ఆమె, సైనికులు గాయాలతో కన్నా జబ్బులతోనే ఎక్కువగా చస్తున్నారని గమనించింది. వెనక్కి వచ్చాక ఆ మరణాల లెక్కలన్నీ పోగేసి, 1858లో రంగుల పటాలుగా గీసి అచ్చు వేయించి, ప్రభుత్వం కళ్ల ముందు పెట్టింది. మన దేశంలోని సైనికుల ఆరోగ్యం మీద కూడా అలాగే లెక్కలు తీసింది. చావులకు కారణం నర్సుల చిరునవ్వు తక్కువ కావడమని ఆమె ఎక్కడా అనలేదు. మురుగు, గాలి, జనం కిక్కిరిసిపోవడం, పైవాళ్ల అలసత్వం అని పేరుపేరునా రాసింది. మంత్రులకు ఆమె అంటే వణుకు పుట్టింది అందుకే. దీపం పట్టుకుని తిరిగినందుకు ఎవరూ వణకలేదు.

మనం దీపం తెచ్చుకున్నాం, లెక్కల పుస్తకం మాత్రం అక్కడే వదిలేశాం. కొవ్వొత్తి పది రూపాయలకు దొరుకుతుంది, ముఖ్య అతిథికి ఫోటో బాగా వస్తుంది. లెక్క అలా కాదు. లెక్క అడిగితే రుయాలో పోయింది 11 మందా, ఎక్కువా అన్న ప్రశ్న దగ్గరే గొంతు ఆరిపోతుంది.

ప్రతిజ్ఞ ఎవరు చేయాలి?

కాబట్టి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. వచ్చే మే 12న నర్సులను కూర్చోబెట్టండి. వాళ్లు ఎన్నోసార్లు చేశారు, అలసిపోయి ఉన్నారు. కొవ్వొత్తులు వేదిక మీదున్నవాళ్ల చేతికివ్వండి. మంత్రిగారు, కలెక్టరుగారు, సూపరింటెండెంటుగారు, యజమానిగారు వరుసగా నిలబడి, మైనం చేతి మీద కారుతున్నా కదలకుండా, ఇలా చదవాలి:

మా ఆసుపత్రిలో కౌన్సిల్ చెప్పినంతమంది నర్సులను పెట్టకుండా నీతి గురించి మాట్లాడము. ఖాళీ పోస్టును ఖాళీ అనే పిలుస్తాము, 'సర్దుబాటు' అనము. చదివిన నర్సు యూనిఫాం చదవనివాళ్లకు తొడగము. కమిటీ చెప్పిన జీతం బ్యాంకు ఖాతాలో వేస్తాము. రోగికి అర్థమయ్యే భాషలో ఫారం అచ్చు వేసి, చెప్పాల్సిన మాట డాక్టరు చేతే చెప్పిస్తాము. బెడ్డు ఖాళీ చేయమని ఫోన్ చేసేటప్పుడు మా పేరు కేస్ షీటులో రాయించి మాట్లాడుతాము. వార్డులో తప్పు ఉందని చెప్పిన నర్సుకు మెమో ఇచ్చే ముందు ఆ తప్పును సరిచేస్తాము. ఆక్సిజన్ ట్యాంక్ సగానికి వచ్చినప్పుడే రెండో లారీ బయల్దేరిందో లేదో కనుక్కుంటాము.

చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కలెక్టరుగారి లెక్క ప్రకారం ఐదు నిమిషాలంటే ఎంతో మనకు తెలుసు కదా, అందులో సగం కూడా కాదు. చదివాక కేకు తినవచ్చు.

వాళ్లు చదువుతారని నేను అనుకోను. ఆ రోజు అందరికీ వేరే అర్జెంటు మీటింగులు పడతాయి. అందుకే అసలు విన్నపం మీకు, రేపో మాపో ఎవరో ఒకరి మంచం పక్కన స్టూలు మీద కూర్చోబోయే మీకు. సెలైన్ బాటిల్ అయిపోయిందని సిస్టర్ మీద గొంతు లేపబోయే ముందు వార్డులో రోగులను లెక్కపెట్టండి, నర్సులను లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు తారీఖు, గంట వేసి రాసుకోండి. సర్కారు ఆసుపత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టి, ఈ వార్డుకు మంజూరైన నర్సు పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఈ నెల రాత్రి డ్యూటీ చార్టు ఏదని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత. ప్రైవేటు ఆసుపత్రి అయితే బిల్లు కట్టే చోట అడగండి, ఈ నర్సమ్మ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, నెలకు చేతికిచ్చేది ఎంత అని. జవాబు రాకపోయినా ఫరవాలేదు, ప్రశ్న చాలామంది చెవిన పడుతుంది.

నలభై మందికి ఒక నర్సును వేసిన సంతకం ఎవరిదో ఆ సంతకమే మన ఆసుపత్రుల్లో మొట్టమొదటి నైతిక నిర్ణయం. విచారణ అక్కడ మొదలుపెట్టండి. నర్సు వంతు వచ్చినప్పుడు ఆమే చెప్తుంది, ఆరు గంటల ఇంజక్షన్ ఏడున్నరకు ఎందుకు పడిందో.